మూడున్నరకి ఒకసారి కలపాలి

సారథీ,

నేనూ పిట్టా ఇక్కడ రోజులు నెట్టుకొస్తున్నాం. నువ్వక్కడ ఒంట్లో నలత లేకుండా, వేళకింత తిని, కాస్త కన్ను మూయగలుగుతున్నావని తలుస్తూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. "అందరం క్షేమం" అని రాయడం పెద్దవాళ్ళు నేర్పిన పద్ధతి. రాద్దామనే కలం ఆనించాను గానీ చెయ్యి కదల్లేదు. క్షేమం కాని సంగతి ఒకటుంది. అది చివర్లో రాస్తాను. ముందే రాస్తే మిగతాదంతా నీకు చదవబుద్ధి కాదు. నువ్వడిగినవి చాలావరకు మన పిట్ట తిండి గురించే కాబట్టి వాటికి ముందు జవాబులు చెప్పాలి.

ఈ ఉత్తరం అక్కడి ఆఫీసులో విప్పి చదివాకే నీ చేతికిస్తారని తెలుసు. చదవనీ. చదివేవాళ్ళకి కూడా తెలియాల్సిన సంగతే.

పోయిన ఉత్తరంలో నువ్వు పదకొండు ప్రశ్నలు వేశావు. అందులో ఏడు ఓట్స్ జావ గురించే. జైలు గోడల మధ్య కూర్చుని మన ఇంటి గిన్నె అడుగంటుతోందని బెంగపడే మనిషివి నువ్వొక్కదానివే అయ్యుంటావు. నవ్వొచ్చింది. ఆ తర్వాత చాలాసేపు నవ్వు రాలేదు.

నువ్వు నాలుగున్నర బస్సు తీసేదానివి. డిపోలో అందరూ నిన్ను మేడమ్ అంటే నేనొక్కణ్ణే సారథీ అని పిలిచేవాణ్ణి, గుర్తుందా? ముందురోజు రాత్రి తొమ్మిదింటికి, రాత్రంతా సన్నగా ఉడికించే కరెంటు స్లో కుక్కర్లో ఓట్స్, నీళ్ళు పోసి మీట నొక్కి పడుకునేదానివి. మేం ఆరింటికి లేచేసరికి ఇంట్లో నువ్వుండేదానివి కావు, నువ్వు వండిన జావ ఉండేది. మూత తీస్తే పొగలు. పిట్టకి పుట్టి బుద్ధెరిగాక పొద్దున అంటే అదే. నువ్వెళ్ళిన ఈ ఎనిమిది నెలల్లో అలాంటి పొద్దు ఒక్కటి కూడా తెల్లవారలేదు ఈ ఇంట్లో.

మొదటి నెల నేను చేసింది జావ కాదు, తారు. గిన్నె చుట్టూ నల్లటి వలయం కట్టింది. నడుమ మాత్రం నీళ్ళు. గిన్నెకి ముందు వెన్న రాయమని రాశావు, రాశాను. వలయం ఊడొచ్చింది గానీ మాడు వాసన పోలేదు. నీళ్ళు పెంచితే పైన తేట, కింద మడ్డి. తగ్గిస్తే చెంచా నిలబెడితే నిలబడింది. పాలు పోసి పెడితే తెల్లారేసరికి విరిగి ముక్కలయ్యాయి. పాలు పొద్దున పోసుకోవాలి, రాత్రి నీళ్ళే పొయ్యాలి అని నువ్వు రాసిన ఉత్తరం అందే లోపు మూడుసార్లు విరగ్గొట్టాను.

డిపోలో బండి మొండికేస్తే ఎలా చూస్తామో అలాగే మొదలుపెట్టాను చివరికి. ఒక్కసారికి ఒక్కటే మార్చడం, కాగితం మీద రాసుకోవడం. రేకుల్లా ఒత్తిన ఓట్స్ రాత్రంతా ఉంటే జిగురైపోతాయని తేలింది. దుకాణాయన్ని అడిగితే, గింజని రెండు మూడు ముక్కలుగా నరికినవి వేరే ఉంటాయని పై అరలోంచి తీసిచ్చాడు. ఎప్పటినుంచో నువ్వు కొనేది అవేనట. "మీ ఇంటావిడ ఇవే తీసుకునేవారు కదా సార్, మీకు తెలీదా?" అన్నాడు. ఎనిమిదేళ్ళు తిన్నాను, తెలియదు. ఇద్దరికే వండుతున్నాం కాబట్టి మన కుక్కర్ గిన్నె పెద్దదైపోయిందనీ, పల్చగా పరుచుకుంటే మాడుతుందనీ నువ్వు రాశావు. చిన్న గిన్నెలో ఓట్స్ పోసి, ఆ గిన్నెని కుక్కర్లో నీళ్ళ మధ్య కూర్చోబెట్టమన్నావు. ఆ పని చేశాక అడుగంటడం ఆగింది. ఇల్లలకగానే పండగ అయిపోతుందా? అడుగంటలేదు గానీ గంజి పెట్టిన బట్టలా బిగుసుకునేది.

పిట్ట చెంచా ముంచేది, ఎత్తేది, చూసేది. "ఇది అమ్మది కాదు" అనేది. అరిచేది కాదు, ఏడ్చేది కాదు. కండక్టరు చెల్లని టికెట్టు తిరిగిచ్చినట్టు గిన్నె నా వైపు జరిపేది. రొట్టె ఇచ్చాను, బిస్కెట్లు ఇచ్చాను, గుడ్డు పెట్టాను. నా మొహం చూసి ఒక ముక్క కొరికి బడికి పోయేది.

ఆ పిల్ల సరిగ్గా తింటోందా అని అడిగావు. ఫోన్లో నీకిచ్చే ఐదు నిమిషాల్లో నాలుగు దానివే కాబట్టి, మిగిలిన ఒక్క నిమిషంలో "తింటోంది, తింటోంది" అని చెప్పి దాటవేశాను. తినడం లేదు సారథీ. పోయిన నెల బళ్ళో పొద్దుటి వరసలో నిలబడి నిలబడి కింద పడింది. టీచరమ్మ నన్ను పిలిపించింది. ఆవిడ చెప్పినదాంట్లో ఆకలి సంగతి సగమే.

"పాప క్లాసులో కళ్ళు మూతపడుతుంటే తన చెయ్యి తానే గిల్లుకుంటోందండీ. ఇదిగో చూడండి" అని దాని ఎడం చేతి చొక్కా పైకి జరిపి చూపించింది. మోచేతి నుంచి మణికట్టు దాకా నల్లని చుక్కలు. "రాత్రిళ్ళు సరిగ్గా పడుకోదా?" అంది.

ఇంటికొచ్చాక ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎందుకమ్మా అని అడిగాను. నా చొక్కా గుండీ తిప్పుతూ కూర్చుంది. తర్వాత చెప్పింది. బళ్ళో ఎవరో పిల్ల "మీ అమ్మ బస్సు నడుపుతూ నిద్రపోయింది, అందుకే ఆ గడియారాల తాత చచ్చిపోయాడు" అందట.

"నిద్రపోతే ఎవరో ఒకరు చచ్చిపోతారు కదా నాన్నా" అంది పిట్ట.

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఎందుకో ఇంకాస్సేపట్లో నీకు తెలుస్తుంది.

అక్క గురించి అడిగావు. టైలరింగు షాపులో పని ముగించుకుని రోజూ సాయంత్రం వచ్చి పోతోంది. మోకాళ్ళ నొప్పితో మన రెండంతస్తులూ ఎక్కుతూ "మీ ఇల్లు ఆకాశంలో కట్టారురా" అని తిట్టడం మానలేదు. బాల్కనీలో నీ కుండీలు ఎండాయి, రెండు మిగిలాయి. కింది వాటా వాళ్ళు నన్ను చూసి తలుపు వేసుకోవడం మానేశారు, ఇప్పుడు పలకరిస్తున్నారు. పలకరింపే ఎక్కువ బాధగా ఉంది.

ఇక నీ పదకొండో ప్రశ్న. పోయిన ఉత్తరం చివర, మడత పెట్టే ముందు గుర్తొచ్చినట్టు, అంచు మీద సన్నగా రాశావు. "అవునూ, నేను డ్యూటీకి వెళ్తూ మూడున్నరకి మూత తీసి ఒకసారి కలిపేదాన్ని, వేడి తగ్గించి వెచ్చగా ఉంచే మీట మీద పెట్టేదాన్ని. నిద్రమత్తులో చేసే పని, అదొక పనని ఎప్పుడూ అనుకోలేదు. నువ్వలా చేస్తున్నావా?"

లేదు. నేను రాత్రి తొమ్మిదికి పెట్టి ఆరింటికి తీస్తున్నాను. రెండున్నర గంటలు ఎక్కువ ఉడుకుతోంది. ఎనిమిది నెలలుగా వెతికిన లోపం అది. నువ్వు రాసిన పద్ధతిలో లేదు, నీ కొలతల్లో లేదు, నీ నిద్రమత్తులో ఉంది.

పోయిన గురువారం మూడున్నరకి లేచాను. కుక్కర్ మూత తీశాను. అడుగునుంచి ఒకసారి కలిపాను. పైన కట్టిన మీగడలాంటి పొర లోపలికి కలిసిపోయింది. మీట మార్చి, మూత పెట్టి, మళ్ళీ వచ్చి పడుకున్నాను. మూత కొంచెం టంగుమంది. పిట్ట అటు ఒత్తిగిలింది.

ఆరింటికి గిన్నెలో పోశాను. పాలు, చిటికెడు ఉప్పు. పిట్ట చెంచా ముంచింది. ఒకటి తింది. రెండోది తింది. చెంచా కింద పెట్టి కుర్చీ దిగింది.

"అమ్మ వచ్చిందా?" అంది.

నేను లేదనే లోపే పరుగెత్తింది. పడగ్గదిలోకి, స్నానాల గదిలోకి, బాల్కనీలోకి. తలుపు వెనక నీ ఖాకీ కోటు వేలాడే మేకు చూసింది, కోటు లేదు. చెప్పుల బల్ల కింద వంగి చూసింది. "వచ్చి డ్యూటీకెళ్ళిపోయిందా? నాకు చప్పుడు వినపడింది నాన్నా. మూత చప్పుడు వినపడింది. అమ్మే" అంది. చిన్నప్పట్నుంచీ నిద్రలో ఆ చప్పుడు వింటూ పెరిగిందని నాకేం తెలుసు? అది విన్నాక మళ్ళీ హాయిగా పడుకునేదేమో. ఆ పిల్లకి లాలి అదే అయ్యుంటుంది.

"నేనేనమ్మా కలిపింది" అన్నాను.

నన్ను నమ్మలేదు. కిందికి దిగి వీధి మలుపు దాకా వెళ్ళి చూసొచ్చింది. వెనకాలే వెళ్ళాను. బస్సులు వెళ్తున్నాయి. ప్రతి బస్సులో డ్రైవరు వైపు చూసింది. ఆరు బస్సులు. తర్వాత రోడ్డు పక్కనే కూర్చుని, ఎనిమిది నెలలుగా ఏడవని ఏడుపంతా ఏడ్చింది. ఎత్తుకుంటే దాని బరువు నా చేతికి తెలియలేదు. అంత తేలికైపోయింది.

ఆ రోజు పనికి పోలేదు. మధ్యాహ్నం దాకా మంచం మీద కూర్చుని గోడ చూశాను. ఇంక మింగలేను, కక్కేయాలి అనుకున్నాను.

నీ పదో ప్రశ్న మిగిలింది, "పిట్ట దగ్గు తగ్గిందా?" అని. పోయిన ములాకాత్ ఆదివారం నేను రాకపోవడానికి దగ్గు కారణమని చెప్పాను కదా. దానికి దగ్గు రాలేదు. నేను వచ్చాను సారథీ. గేటు దగ్గర టోకెను తీసుకున్నాను, నలభై ఒకటో నంబరు. నలభై దాకా పిలిచారు. లేచి బయటికొచ్చి బస్సెక్కాను.

అంతకు ముందు నెల నువ్వు జాలీ అవతల కూర్చుని చెప్పిన మాటే నన్ను లోపలికి రానివ్వలేదు. "ఆ క్షణం ఎంత వెతికినా దొరకట్లేదు. మలుపు గుర్తుంది, ఆయన రోడ్డు దాటడం గుర్తుంది, కాలు బ్రేకు మీద ఉన్నట్టే గుర్తుంది. కానీ బండి ఆగలేదు. బ్రేకు బాగుందంటే మరి నా కాలు అక్కడ లేనట్టే కదా. కునుకు పట్టినవాళ్ళకి తాము నిద్రపోయినట్టు తెలియదంటారు. అందుకే రాత్రిళ్ళు కళ్ళు మూయడానికి భయమేస్తోంది" అన్నావు. ఇంకెప్పుడూ బండి నడపనని, లైసెన్సు రద్దు చేసుకుంటానని కాగితం రాసిచ్చానన్నావు. అక్కడ నువ్వు నిద్రకి భయపడుతున్నావు. ఇక్కడ పిట్ట చేతులు గిల్లుకుంటోంది. మీ ఇద్దరి మధ్యా నేను కాళ్ళు చాపుకుని పడుకుంటున్నాను.

ఇదిగో, రాస్తున్నాను.

ఆ ప్రమాదానికి ముందురోజు సాయంత్రం నువ్వు డ్యూటీ దిగి ఫిర్యాదుల పుస్తకంలో రాశావు. "బ్రేకు గట్టిగా తొక్కితే నిలబడుతోంది, మెల్లగా తొక్కితే కిందికి జారిపోతోంది. విప్పి చూడగలరు." ఆ బండి నా వంతుకొచ్చింది. వరసలో ఇంకా ఆరు బళ్ళున్నాయి, తెల్లారేసరికి అన్నీ రోడ్డెక్కాలని ఫోర్‌మన్ చిందులేస్తున్నాడు. నేను నీ బండి ఎక్కి బ్రేకు తొక్కాను. గట్టిగా తొక్కాను. నిలబడింది. నువ్వు మెల్లగా తొక్కితే అని రాసిన మాట చదివాను, చదివి కూడా గట్టిగానే తొక్కాను. ఆడవాళ్ళ కాలికి పట్టు తక్కువేమోలే అనుకున్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నాను. ఎనిమిదేళ్ళు నీ పక్కన ఉండి, డిపోలో నీ అంత చక్కగా బండి నడిపేవాళ్ళు లేరని అందరి దగ్గరా గొప్పలు చెప్పి, ఆ సాయంత్రం అలా అనుకున్నాను.

పుస్తకంలో రాశాను: "బ్రేకు మాస్టర్ సిలిండర్ విప్పి చూశాను. లోపం లేదు." సంతకం పెట్టాను. విప్పలేదు.

పొద్దున ఐదుంబావుకి మలుపు దగ్గర ఆ గడియారాల మేస్త్రీ రోడ్డు దాటాడు.

స్టేషను బల్ల మీద నువ్వు నా చెయ్యి పట్టుకుని అడిగావు. "నువ్వు నిజంగా విప్పి చూశావా? నా మీద ఒట్టేసి చెప్పు." నేను ఒట్టేశాను. నీ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. అప్పుడు నీ మొహంలో ఏదో ఆరిపోయింది. "అయితే నేనే నిద్రపోయానేమో" అన్నావు. ఆ మాటే తర్వాత పోలీసులకి చెప్పావు, జడ్జిగారికి చెప్పావు. అప్పటికీ పోలీసుల తరఫున బండి తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరు బ్రేకు తొక్కి చూశాడు. ఆయనా గట్టిగానే తొక్కాడు. నిలబడింది. పైగా "డ్రైవరు భర్తే చూసి బాగుందని రాశాడు" అన్నారు కోర్టులో. నా సంతకమే నీకు సంకెల అయింది. నేను వెనక వరసలో కూర్చుని విన్నాను.

అప్పటికి నాకు తెలుసు. తీర్పుకి రెండు నెలల ముందే బండి మళ్ళీ షెడ్డుకొచ్చింది. ఎవరూ లేనప్పుడు సిలిండర్ విప్పాను. లోపలి రబ్బరు ఒక పక్క చిరిగి ఉంది, నీ చిటికెన వేలి గోరంత. గట్టిగా తొక్కితే ఆ చిరుగు మూసుకుంటుంది, మెల్లగా తొక్కితే నూనె దాన్ని దాటుకుని పోతుంది. నువ్వు రాసింది అక్షరాలా నిజం. కొత్త రబ్బరు వేశాను. చిరిగినది పారేయలేకపోయాను. పాత స్క్రూల డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చాను.

ఫోర్‌మన్ చూశాడు. తలుపు దగ్గర నిలబడి, "చూసిందేదో చూశావు, మూసెయ్. పోయినాయన ఎలాగూ రాడు. ఆవిడ ఎలాగూ ఒప్పుకుంది. నువ్వు కూడా లోపలికి పోతే ఆ పిల్ల గతేం కాను?" అన్నాడు. నాకు కావలసిన మాట అదే. పిట్ట కోసం నోరు మూసుకున్నానని పది నెలలుగా నాకు నేనే చెప్పుకున్నాను. పిట్ట కోసం కాదు. భయం. ఆ పిల్ల పేరు చెప్పుకుని దాక్కున్నాను. దాని వెనకాల దాక్కోవడానికి అదెంతుందని?

నువ్వు నిద్రపోలేదు. నీ కాలు బ్రేకు మీదే ఉంది.

శుక్రవారం ఆ డబ్బా పట్టుకుని మన వకీలమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ రబ్బరుని కాగితం మీద పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది తీర్పుకి ముందే తెచ్చి ఉంటే..." అని ఆగిపోయింది. తర్వాత అద్దాలు తీసి, "ఇప్పుడు తెచ్చారు కాబట్టి మీ భార్య రేపే బయటికొస్తుందని ఆశ పెట్టను. మళ్ళీ విచారణకి అడుగుతాం. ఒప్పుకుంటారో లేదో తెలియదు. ఇంతకాలం మీ దగ్గరే ఉన్న ముక్కని ఎవరు నమ్ముతారంటారు, భార్య కోసం అబద్ధం చెబుతున్నాడంటారు. మీ మీద మాత్రం కేసు తప్పదు" అంది.

"అంటే నేను చెప్పినా నమ్మరా?" అన్నాను.

"అబద్ధాన్ని వెంటనే నమ్మారు కదండీ. నిజానికి టైం పడుతుంది" అంది.

శనివారం వాంగ్మూలం ఇచ్చాను. ఫిర్యాదుల పుస్తకంలో నీ రాత, దాని కింద నా రాత ఇంకా ఉన్నాయి, ఆ పుస్తకాన్ని స్వాధీనం చేసుకున్నారు. డిపో నన్ను పనిలోంచి పక్కన పెట్టింది. ఫోర్‌మన్ తను షెడ్డు తలుపు దగ్గరికే రాలేదన్నాడట. సోమవారం పది గంటలకి రమ్మన్నారు. ఇంటికి తిరిగి పంపిస్తారో లేదో వకీలమ్మకే తెలియదు.

అక్కడినుంచి గడియారాల మేస్త్రీ ఇంటికి వెళ్ళాను. వెళ్ళొద్దంది వకీలమ్మ. వెళ్ళకుండా ఉండలేకపోయాను. ఆయన భార్య తలుపు తీసింది. గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను. ఆవిడ విని, "ఏడాదిగా మీ ఆవిడని శపించానయ్యా. ఆమెకీ ఓ కూతురుందని తెలిసే శపించాను. ఆ శాపాలు ఇప్పుడెలా వెనక్కి తీసుకోను?" అంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తలుపు మెల్లగా వేసేసుకుంది.

అక్కకి చెప్పాను. చెంప మీద కొట్టింది. మళ్ళీ ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. రేపటినుంచి మన ఇంట్లోనే ఉంటుంది, కుట్టు మిషను ఇక్కడికి తెచ్చుకుంటోంది. పిట్ట సంగతి ఆవిడ చూసుకుంటుంది. జావ మాత్రం వద్దని పిట్టే చెప్పింది. "అమ్మ వచ్చాక అమ్మే చేస్తుంది. అత్తా, నాకు గుడ్డు పెట్టు చాలు" అంది. నిన్న గుడ్డు మొత్తం తింది. ఎందుకు తింటోందో నాకు తెలియదు. అడిగితే ఆపేస్తుందేమోనని అడగలేదు.

క్షమించమని అడగడం లేదు. ఆ మాటకి నాకు అర్హత లేదు, నీకు అవసరమూ లేదు. నువ్వు బయటికొచ్చాక నా మొహం చూడనంటే అది న్యాయమే. నాకు ముందేమీ కనిపించడం లేదు. పొద్దున లేస్తే ఎందుకు లేచానా అని ఉంది. నీ రెండున్నరేళ్ళ శిక్షలో పోయిన ఎనిమిది నెలలు తెచ్చివ్వలేను, పోయిన మనిషిని తేలేను. అన్నిటికంటే, నీ ఒంటి మీద నీకున్న నమ్మకాన్ని నేను తీసేశాను. అదెలా తిరిగివ్వాలో తెలియక ఈ కాగితాలు నింపుతున్నాను. ఒక్కటి అడుగుతాను. ఆ లైసెన్సు కాగితం వెనక్కి తీసుకో. ఎవరి కోసమో కాదు. నువ్వు రద్దు చేసుకోవాల్సింది ఏదీ లేదక్కడ.

ఇవాళ మధ్యాహ్నం పిట్టకి చెప్పాను. ఎలా చెప్పాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మ బండి బాలేదని రాసింది, బాగుచేయాల్సింది నాన్న, నాన్న చేయలేదు, చేశానని అబద్ధం రాశాడు.

"అయితే అమ్మ నిద్రపోలేదా?"

"లేదు."

"మరి నువ్వు అమ్మకి చెప్పావా?"

"ఇంకా లేదు. ఇవాళ రాస్తాను."

నా వైపు చూసిన చూపు నీదే, స్టేషను బల్ల మీద చూసినది. "ఇప్పుడే రాయి. నేను ఇక్కడే కూర్చుంటా" అంది.

అప్పటినుంచీ ఎదురుగానే కూర్చుంది. అక్క రెండుసార్లు పిలిచినా లేవలేదు. నేను ఆగినప్పుడల్లా "అయిపోయిందా? అది రాశావా?" అని అడుగుతోంది. రాశానన్నాను. "ఎక్కడ, చూపించు" అంది. పైన ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించాను. ఈ ఏడే కదా చదవడం నేర్చుకుంది, ఒత్తుల దగ్గర ఇంకా తడబడుతుంది. నా వేలు పక్కకి తోసి తన వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"ను... వ్వు... ని... ద్ర... పో... లే... దు."

మళ్ళీ మొదటినుంచి ఒక్క గుక్కలో చదివింది. ఇప్పుడు బల్ల మీద తల వాల్చింది. గిల్లుకోవడం లేదు. పడుకుంటోంది.

ఇట్లు,
పిట్ట నాన్న